మా టౌన్‌షిప్పు దేశం కన్నా రెండు గంటలు ముందున్న రోజులు

జేబులు కొట్టేసేవాళ్ళ గురించి మీరు వినుంటారు. కోళ్ళు ఎత్తుకుపోయేవాళ్ళ గురించీ వినుంటారు. ఒక ఊరు ఊరంతటి దగ్గరా రోజుకింత చొప్పున పగటిపూటని ఎత్తుకుపోయినవాణ్ని ఎక్కడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, మీ ఎదురుగానే కూర్చున్నాను. నా మూలంగా రాయగడ కొండల మధ్య ఒక ఫ్యాక్టరీ టౌన్‌షిప్పు భారతదేశంతో తెగతెంపులు చేసుకుని రెండు గంటలు ముందుకెళ్ళిపోయింది. పాలవాడు ఏడ్చినంత పని చేశాడు. గడియారాలు బాగుచేసేవాడు మేడ కట్టే ఆలోచనలో పడ్డాడు. ఢిల్లీ రేడియోకి చీవాట్లు పడ్డాయి. ఇంతా చేసి నేను మార్చింది నా చిటికెనవేలి గోరంత వస్తువు.

ఎనభైల చివరి మాట. అప్పటికి నాకు మీసం కొత్త, ఉద్యోగం కొత్త, మా ఫ్యాక్టరీకి కంప్యూటరు కొత్త. మూడింటిలో ఏదీ ఇంకా పర్మనెంటు కాలేదు. ఉద్యోగం పోతే ఏమవుతుందో మాత్రం ఖాయంగా తెలుసు. మా నాన్నకి జయపురంలో చింతపండు, మిరపకాయల టోకు వ్యాపారం. ఆయన గల్లాపెట్టె పక్కనే నా కోసం ఒక ముక్కాలి పీట వేసి ఉంచాడు. నేను సెలవుకి వెళ్ళినప్పుడల్లా దాన్ని తుండుగుడ్డతో తుడిచేవాడు.

"ఆ డబ్బా నిన్ను ఒగ్గేసిన రోజున సిగ్గుపడకు నాయనా. ఒచ్చీసి ఇక్కడ కూకో," అనేవాడు. ప్రేమగానే అనేవాడు. నాకే ఆ పీట చూస్తే ముక్కులోకి మిరప ఘాటు ఎక్కేది.

అదే జయపురంలో ఒక రైసుమిల్లులో కంప్యూటరు నడిపేవాడు మా మేనమామ కొడుకు సింహాచలం. నాకన్నా రెండు నెలలు పెద్ద. ఆ రెండు నెలల హక్కుతో చిన్నప్పటి నుంచీ నన్ను ఏడిపిస్తున్నాడు.

ఇక్కడ కాస్త ఆగి మీకో సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో కంప్యూటరు గుండెకాయలు చేసే కంపెనీల మధ్య పెద్ద పోటీ నడుస్తుండేది. గుండెకాయంటే ప్రాసెసరు చిప్పు. కంపెనీల పేర్లు మనకెందుకుగాని, ఒకటి అన్నగారి కంపెనీ, ఇంకోటి తమ్ముడుగారి కంపెనీ అనుకోండి. అన్నగారు ఒక చిప్పు చేస్తే, తమ్ముడుగారు అచ్చం అవే కాళ్ళతో, అదే గూట్లో ఇమిడేట్టు ఇంకో చిప్పు చేసి, "మాది అన్నయ్యదాని కన్నా జోరు" అని పత్రికల్లో వేయించేవారు. జోరుకి కొలత మెగాహెర్ట్జ్. చిప్పు సెకనుకి ఎన్ని పదిలక్షల అడుగులు వేస్తుందో ఆ లెక్క. అన్నగారు ఎనిమిదంటే తమ్ముడుగారు పదనేవారు. అన్నగారు పన్నెండంటే తమ్ముడుగారు పదహారనేవారు. సంతలో ఉల్లిపాయలవాళ్ళు ఒకరి మీద ఒకరు ధర తగ్గించి అరుస్తారు చూడండి, వీళ్ళు ఒకరి మీద ఒకరు అంకె పెంచి అరిచేవారు. ఆ అరుపులు సముద్రాలు దాటి, ఘాటు రోడ్డు ఎక్కి, మా ఇద్దరి చెవుల్లో పడ్డాయి.

"ఏటిరా సూరీ, మీ డబ్బా ఎంత?" అన్నాడు సింహాచలం ఒకరోజు, మిల్లులోకి అడుగు పెట్టీపెట్టగానే.

"నాలుగు పాయింట్ ఏడు ఏడు," అన్నాను. ఆ పాయింటు తర్వాతి ఏడుల్ని కొంచెం గట్టిగానే పలికాను.

"నాలుగా! మా మిల్లులో ఎలకలు అంతకన్నా జోరుగా పరిగెడతాయి. ఇలగరా, ఇది సూడు."

వాడి కంప్యూటరు పెట్టె ముఖాన ఒక ఎర్ర అంకె వెలుగుతోంది. ఎనిమిది. పక్కనే ఒక మీట. పెళ్ళికూతురి మేలిముసుగు తీసినంత నెమ్మదిగా వాడు ఆ మీట నొక్కాడు. ఎనిమిది కాస్తా పన్నెండయింది.

"సూసేవా? టర్బో! పన్నెండు!"

"పన్నెండుతో ఏం చేస్తావు బావా?"

"ధాన్యం బస్తాలు లెక్కెడతాను."

"అంతేనా?"

"అంతే. కానీ పన్నెండుతో లెక్కెడతాను," అన్నాడు వాడు, ఏనుగు మీద కూర్చుని మాట్లాడుతున్నట్టు.

తిరుగు బస్సులో, కోరాపుట్ ఘాటు మలుపు మలుపుకీ నాకు ఆ ఎర్ర అంకెలే కనపడ్డాయి. ఎదురొచ్చే ప్రతి లారీ వెనక దీపాలూ పన్నెండే.

ఫ్యాక్టరీకి రాగానే మేనేజరు మహాపాత్రగారు పిలిచారు. ఆయన ఒడియావారు. తెలుగు బజారులో నేర్చుకున్నారు కనక మనుషులందరినీ నువ్వనేవారు. కంప్యూటరుని మాత్రం గారనేవారు.

"సూరిబాబూ, కంప్యూటరుగారు బాగున్నారా? నెలాఖరుకి హెడ్డాఫీసు సాహెబు వస్తున్నారు. జీతాల లెక్క ఆయన ముందు చేసి చూపించు. నచ్చిందా, నువ్వు పర్మనెంటు. నచ్చలేదా, కంప్యూటరుగారు వెనక్కి, నువ్వు..."

"జయపురం," అన్నాను నీరసంగా.

"చింతపండు కూడా మంచి వ్యాపారమే," అన్నారాయన ఓదారుస్తూ.

ఆ క్షణాన నిశ్చయించుకున్నాను. సాహెబు వచ్చే లోపల నా నాలుగుని పెంచి తీరాలి. విశాఖపట్నం వెళ్ళి, రేడియో సామాన్లమ్మే కొట్లో తమ్ముడుగారి చిప్పు ఒకటి, దాంతోపాటు మూడు క్రిస్టళ్ళు కొనుక్కొచ్చాను. క్రిస్టలంటే గోరంత తగరపు డబ్బీ. దాని పని మీకు సులువుగా చెబుతాను. మా వైపు కొండల్లో ధింసా ఆడతారు. ఆడవాళ్ళంతా ఒకరి నడుము చుట్టూ ఒకరు చేతులు వేసుకుని వరుసగా అడుగులేస్తుంటే, పక్కన ఒకడు డప్పు కొడుతుంటాడు. వాడు నెమ్మదిగా కొడితే వరుస నెమ్మదిగా నడుస్తుంది, జోరుగా కొడితే జోరుగా నడుస్తుంది. కంప్యూటరులో ఆ డప్పువాడే క్రిస్టలు. పాతవాణ్ని పీకి జోరైన డప్పువాణ్ని పెడితే చిప్పు జోరుగా ఆడుతుంది. ఇంతవరకు నా బుద్ధి చక్కగా పనిచేసింది. ఆపైన పని మానేసింది.

ఎందుకంటే సరిగ్గా ఆ రోజుల్లోనే మహాపాత్రగారు ఒక హుకుం జారీ చేశారు. మా టౌన్‌షిప్పు బతుకంతా సైరను మీద నడిచేది. పొద్దున్న పనికి, మధ్యాహ్నం భోజనానికి, సాయంత్రం ఇంటికి. అది మోగగానే ఎక్కడున్నవాళ్ళక్కడ ముంజెయ్యి ఎత్తి గడియారం సరిచేసుకోవడం మా ఆచారం. గుళ్ళో గంట వింటే చెయ్యి దానంతటదే నమస్కారానికి లేస్తుందే, అలాగ. సైరను వేసే అప్పారావు అన్నాళ్ళూ గేటు గదిలోని గోడ గడియారం చూసి వేసేవాడు. ఇక మీదట కంప్యూటరు తెర మూలన కనపడే టైము చూసి వెయ్యాలని హుకుం.

"బాబూ, ఈ గడియారానికి ఏటి తక్కువైనాది? రోజూ కీ ఇస్తన్నాను, రోజూ నడుస్తంది," అన్నాడు అప్పారావు నా దగ్గరికొచ్చి.

"కాలం మారింది అప్పారావూ," అన్నాను పెద్ద తెలిసినవాడిలా. నిజానికి అప్పటికింకా మారలేదు. మర్నాడు నేనే మార్చాను.

పాత చిప్పు పీకి తమ్ముడుగారిని కూర్చోబెట్టాను. మొదటి క్రిస్టలు అతికించాను. జీతాల లెక్క మొదలెట్టి, తెర మూలనున్న టైము చూసుకున్నాను. ఇదివరకు ఆ లెక్కకి సరిగ్గా అరగంట పట్టేది. ఇప్పుడెంత పట్టిందంటారా? సరిగ్గా అరగంట.

"తమ్ముడుగారు మోసం చేశాడు!" అనుకున్నాను. మర్నాడు ఇంకా జోరైన రెండో క్రిస్టలు పెట్టాను. అరగంట. నిమిషం తేడా లేదు. ఆ మర్నాడు మూడోది పెట్టాను. చిప్పు అట్లపెనంలా వేడెక్కింది. మూత తీసి టేబులు ఫ్యాను పెట్టాను.

కంప్యూటరు గది కిటికీ అద్దం లోంచి తొంగి చూశాడు అప్పారావు. "ఒంట్లో బాగునేదేటి బాబూ దానికి?"

"కష్టపడుతోంది అప్పారావూ."

"ఇసురుకుంటూ కష్టపడతాదేటి?"

అదీ అరగంటే. పాతిక పైసల విసనకర్రతో విసిరినా అరగంట, ఫ్యానుతో విసిరినా అరగంట. నేను తల పట్టుకున్నాను. మీలో తెలివైనవాళ్ళకి ఈపాటికి విషయం అర్థమైపోయి ఉంటుంది. దయచేసి పక్కవాళ్ళకి చెప్పకండి. నాకే అర్థం కాలేదు కదా, అందరం కలిసే వెళదాం.

ఈలోగా ఊళ్ళో వింతలు మొదలయ్యాయి. ఆషాఢం ముసురు. కొండల మీద మబ్బు దుప్పటి కప్పేసి సూర్యుడు ఎక్కడున్నాడో సూర్యుడికే తెలియని రోజులు. మొదటి సాయంత్రం సైరను మోగగానే అందరూ ముంజేతులెత్తారు. అందరి గడియారాలూ వెనకబడి ఉన్నాయి! "తేమకి నెమ్మదిస్తాయి," అన్నాడొకడు. "నూనె గడ్డకట్టి ఉంటుంది," అన్నాడింకొకడు. అంతా ముళ్ళు ముందుకి తిప్పుకున్నారు. వాళ్ళతోపాటు నేనూ తిప్పుకున్నాను.

అసలు ఘోరం అక్కడుంది. ఆ కాలం కంప్యూటరుకి ఆపేస్తే టైము గుర్తుండదు. పొద్దున్నే లేచీలేవగానే అది అడిగే మొదటి ప్రశ్న, ఇప్పుడు టైమెంత అని. నేను నా చేతి గడియారం చూసి చెప్పేవాణ్ని. అంటే, సైరను విని నేను గడియారం దిద్దుకుంటాను, గడియారం చూసి కంప్యూటరుకి టైము చెబుతాను, కంప్యూటరుని చూసి అప్పారావు సైరను వేస్తాడు. ముగ్గురం చేతులు పట్టుకుని గానుగ చుట్టూ తిరుగుతున్నాం. తిరిగిన ప్రతి చుట్టుకీ ఊరు ఇంకాస్త ముందుకి జరుగుతోంది.

మూడో రోజు పొద్దున మా క్వార్టర్ల వరసలో పాలవాడి మీద దండయాత్ర.

"ఏటయ్యా, రోజురోజుకీ ఇంత ఆలీసం? పిల్లలు పాలు తాక్కుండానే బడికి ఎల్లిపోనారు!" అంది పక్కింటి పార్వతమ్మ.

"ఓలమ్మా, నాను రోజూ వచ్చే ఏలకే వచ్చేను! కోడి కూసేక లేచేను, గేదిని పితికేను, ఒచ్చేను!"

"అయితే నీ కోడిని మార్చు!"

బజారులో గడియారాలు బాగుచేసేవాడి ముందు బియ్యం కొట్టుకన్నా పెద్ద వరస. ఒక్క గడియారంలోనూ లోపం దొరక్క, ప్రతిదానికీ నూనె చుక్క వేసి పంపించేస్తున్నాడు. మహాపాత్రగారు రేడియో పట్టుకుని ఆఫీసుకొచ్చారు.

"సూరిబాబూ, చూశావా? ఢిల్లీలో కూడా క్రమశిక్షణ పోయింది. వార్తలు గంటన్నర లేటు!"

"ఛీ," అన్నాను నేను, మనస్ఫూర్తిగా.

అన్యాయం చెప్పకూడదు, సుఖపడినవాళ్ళూ ఉన్నారు. సాయంత్రం సైరను మోగేసరికి బోలెడంత వెలుతురు మిగిలి ఉండేది. ఎన్నడూ లేనిది తండ్రులు పిల్లలతో మైదానంలో బంతి ఆడారు. "ఈ ఏడు పొద్దులు పొడుగైనాయి," అనుకుంటూ అప్పారావు కూతుర్ని సైకిలు ముందు కూర్చోబెట్టుకుని నాగావళి గట్టు దాకా తీసుకెళ్ళాడు. "అమ్మీ, ఏరు సూడు, ఎంత పొంగిందో!" అని చూపించాడట. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ పిల్లకి పగలు ఏరు చూపించడం అదే మొదలట.

నాలుగో రోజు సాహెబు వచ్చారు.

కంప్యూటరు లేపి, దానికి టైము చెప్పి, బంతిపూల దండతో నేనూ మహాపాత్రగారి వెంట రాయగడ స్టేషనుకి వెళ్ళాను. రైలు ఎనిమిదికి. మా గడియారాల్లో ఎనిమిదయింది. తొమ్మిదయింది. పది కావస్తోంది. పూలు వాడాయి. మహాపాత్రగారు వాడలేదు, కాగిపోతున్నారు. స్టేషనుమాస్టరు పార్వతీపురం మనిషి, నిదానస్తుడు.

"రెండు గంటలు లేటు! ఏం రైల్వే ఇది?" అని ఆయన మీద పడ్డారు మహాపాత్రగారు.

"లేటేటి సార్? ఇంకా టైమవనేదు."

"నీ గడియారం ఆగిపోయింది!"

"అది రైల్వే గడియారమండి."

"మాది కంప్యూటరుగారండి!"

స్టేషనుమాస్టరు మా ఇద్దరి వంకా ఎగాదిగా చూసి, ఒక అడుగు వెనక్కి వేసి, పోర్టరుని దగ్గరికి పిలిచి నిలబెట్టుకున్నాడు. అప్పుడే రైలు వచ్చింది. సాహెబు దిగారు. పర్లాకిమిడిలో పుట్టిన మనిషి, చక్కటి తెలుగు, వెండి ఫ్రేము కళ్ళజోడు.

"ఆశ్చర్యంగా ఉందయ్యా! ఈ రైలు సరిగ్గా టైముకి రావడం నా సర్వీసులో ఇదే మొదటిసారి," అన్నారు సంబరంగా.

"క్షమించాలి సార్, రెండు గంటలు లేటు," అన్నారు మహాపాత్రగారు.

సాహెబు తన గడియారం చూసుకున్నారు. మహాపాత్రగారి ముఖం చూశారు. జాలిగా, "రాత్రి నిద్ర పట్టలేదా?" అన్నారు.

ఫ్యాక్టరీకి వచ్చి, కాఫీ తాగి, నాలుగు షెడ్లు తిరిగారో లేదో సైరను మోగింది. జనం క్యారేజీలు పట్టుకుని బిలబిల్లాడుతూ బయటికొచ్చారు.

"ఎక్కడ? మంటలెక్కడ?" అని అరిచారు సాహెబు.

"భోజనాల గంట సార్. పన్నెండు."

"పది కూడా కాలేదు కదయ్యా!"

మహాపాత్రగారు ముంజెయ్యి ఎత్తి చూపించారు. పన్నెండు. బంట్రోతు ఎత్తాడు. పన్నెండు. క్యారేజీలతో పోతున్నవాళ్ళు కూడా ఆగి, అలవాటు ప్రకారం చేతులెత్తి ముళ్ళు దిద్దుకున్నారు. ఎటు చూసినా పన్నెండు. సాహెబు ఒంటరివారైపోయారు. పాపం, ఆయన వేళ్ళు కూడా గడియారం కీ మీదికి వెళ్ళాయి. ఒక్క తిప్పు తిప్పి ఉంటే మేం ఈనాటికీ ముందుకి పోతూనే ఉండేవాళ్ళం. ఏమనుకున్నారో ఆగి, "ముందు ఆ జీతాల లెక్క చూద్దాం పద," అన్నారు.

కంప్యూటరు ముందు కూర్చున్నాను. మీట నొక్కాను. సాహెబు తన గడియారం విప్పి బల్ల మీద పెట్టారు. ఫ్యాను గిర్రున తిరుగుతోంది. నా కళ్ళ ముందు ముక్కాలి పీట తిరుగుతోంది. లెక్క పూర్తయింది.

"ఎంత పట్టింది?" అన్నారు సాహెబు.

"అరగంట సార్," అన్నాను తెర చూసి, తల దించుకుని.

"నా గడియారంలో పాతిక నిమిషాలేనే?"

"లేద్సార్, చూడండి, అరగంట."

"ఇదీ చూడు, పాతిక. ఒకే పనికి రెండు టైములేమిటయ్యా?"

అప్పుడు వినపడింది నాకు, నా బుర్రలో, ధింసా డప్పు. డప్పువాడు ఒక్కడే! లెక్కలు చేసేవాళ్ళూ వాడి దరువుకే అడుగేస్తారు, తెర మూలన టైము చెప్పేదీ వాడి దరువుకే అడుగేస్తుంది. దరువు పెంచితే పనీ జోరే, గడియారమూ జోరే. నా కంప్యూటరు మొదటి రోజు నుంచీ నిజంగానే జోరుగా పరిగెడుతోంది. దాని పరుగుని దాని గడియారంతోనే కొలుస్తూ కూర్చున్నాను నేను. గెలిచానన్న సంగతీ, మునిగానన్న సంగతీ నాకు ఒకే క్షణంలో తెలిశాయి. నవ్వాలో ఏడవాలో తెలియక ఎక్కిళ్ళు పెట్టాను.

బంట్రోతు తెచ్చిన మంచినీళ్ళు తాగి, చిప్పు దగ్గర్నుంచి పాలవాడి కోడి దాకా మొత్తం కక్కేశాను. వింటున్న కొద్దీ మహాపాత్రగారి ముఖం సున్నం కొట్టినట్టయింది.

"అంటే ఢిల్లీ..." అన్నారు.

"ఢిల్లీ సరిగానే ఉంది సార్."

"కంప్యూటరుగారు వెనక్కి," అన్నారాయన లేచి నిలబడి. "నువ్వు చింతపండుకి."

సాహెబు చెయ్యెత్తి ఆపారు. అచ్చయిన జీతాల చీటీల్లోంచి కొన్ని తీసి, కలం పట్టుకుని తనే కూడికలు వేసుకున్నారు. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. అన్నీ సరిపోయాయి. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వడం మొదలెట్టారు. కాసేపటికి ఆ తుడవడం కళ్ళజోడుకి కాదు, కళ్ళకి.

"మహాపాత్రగారూ, మిషను పనిచేస్తోంది. కుర్రాడూ పనిచేస్తున్నాడు. వీడికి గడియారం చూడ్డం ఒక్కటే రాదు. అది నేర్పొచ్చు."

అలా నేను పర్మనెంటయ్యాను. ఒక షరతు మీద. పాత క్రిస్టలు మళ్ళీ పెట్టేయాలి. రోజూ పొద్దున్నే సైకిలు మీద రాయగడ స్టేషనుకెళ్ళి, రైల్వే గడియారం చూసి, నా గడియారం దిద్దుకుని, ఆ టైము తెచ్చి అప్పారావుకి అప్పగించాలి. వానలో, చలిలో, ఆ ఏడాదంతా నేను ఆ ఊరికి పాలు పోసినట్టు టైము పోశాను. స్టేషనుమాస్టరు నన్ను చూడగానే, "ఏటి బాబూ, ఇయ్యాల ఎంత కావాల?" అనేవాడు.

జనం నన్ను కొడతారనుకున్నాను. కొట్టలేదు సరికదా, యూనియన్‌వాళ్ళు వచ్చి దండ వేశారు. మాకు కంప్యూటరు టైమే కావాలని మేనేజరుగారికి గట్టిగా చెప్పారు కూడా. బేరాలాడగా ఆడగా, వానాకాలంలో సాయంత్రం సైరను అరగంట ముందు వేయడానికి సాహెబు ఒప్పుకున్నారు. అప్పారావు ఆ తర్వాత ఎప్పుడూ తన గోడ గడియారం మాట ఎత్తలేదు.

కథ అయిపోలేదు. మిఠాయి పొట్లం పట్టుకుని జయపురం వెళ్ళాను. నాన్న పొట్లం అందుకుని, ముక్కాలి పీట మీద తూకం రాళ్ళు పెట్టాడు. అక్కణ్నుంచి రైసుమిల్లుకి వెళ్ళాను.

"పర్మనెంటా! శెభాష్! మరి ఇప్పుడు నీది ఎంతరా?" అన్నాడు సింహాచలం.

"మళ్ళీ నాలుగే బావా. నీ పన్నెండు కోసం పరిగెత్తి ఊరు ముంచాను," అని జరిగినదంతా చెప్పాను.

వాడు నోట్లో మిఠాయి అలాగే ఉంచుకుని విన్నాడు. లేచి తలుపు దగ్గరగా వేశాడు. పెట్టె ముఖం ఊడదీసి, ఆ ఎర్ర దీపాల వెనక ఉన్న సన్నటి పిన్నుల్ని నాకు చూపించాడు.

"సూరీ, ఇది దేన్నీ కొలవదురా. ఈ పిన్నులు ఎలగెడితే ఆ అంకె పడతాది. లోపలున్నది నీ దాని లాటిదే, నాలుగే. పెట్టె ఒక్కటే కొత్తది."

"మరి పన్నెండు?"

"మా ఇంటి నంబరు. ఓపాలి తొంబై తొమ్మిది ఎట్టేను. పేలిపోద్దని మా సావుకారు సాయంత్రం దాకా వాకిట్లోనే కూకున్నాడు. అందుకని తగ్గించీసేను."

అయ్యా, అమ్మా, చూశారా! ఇద్దరన్నదమ్ముల కంపెనీలు అంకెలు అరుచుకుంటే, నేను మా బావ ఇంటి నంబరుతో పందెం వేసుకుని, ఒక ఊరిని దేశం నుంచి రెండు గంటల దూరం లాక్కుపోయాను.

అందుచేత, రాయగడ స్టేషను గడియారం సాక్షిగా, మీ అందరి ఎదుటా చేతిలో చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో దేని జోరునీ దాన్నే అడిగి తెలుసుకోను. మొన్న ఈ నాలుగు ముక్కలూ రాయడం అయ్యాక, "ఎంతసేపు పట్టింది?" అని మా ఆవిడ అడిగింది. నా చేతికి గడియారం ఉంది, గోడకి గడియారం ఉంది, బల్ల మీద కంప్యూటరులోనూ గడియారం ఉంది. నేను చెప్పులేసుకుని, పక్కింటికెళ్ళి, వాళ్ళ గడియారం చూసొచ్చి చెప్పాను.